నాన్న కోర్టులో అన్నిటికీ "అలాగేనండి" అంటున్నారు. మతిమరుపు జబ్బున్న ముద్దాయి కేసు ఎలా నడుస్తుంది?

లాకు_ఇంటి_అమ్మాయి అడిగారు:

అందరికీ నమస్కారం. మాది కోనసీమలో కాలువ గట్టు మీది ఊరు. మా ఊరి బ్రాంచి పోస్టాఫీసులో పోస్టుమాస్టరుగా పని చేస్తున్నాను. మా నాన్న గురించి అడగాలని రాస్తున్నాను. కాస్త పొడుగవుతుంది, ఓపికగా చదవండి.

నాన్నకు ఇప్పుడు 77 ఏళ్ళు. నీటిపారుదల శాఖలో లస్కరుగా 34 ఏళ్ళు చేసి 2006లో రిటైరయ్యారు. నేను పుట్టి పెరిగింది కాలువ మీది లాకు (నీటి గేట్ల కట్టడం) పక్కన క్వార్టర్సులోనే. షట్టర్లు ఎత్తడం, దించడం, గేజి చూసి పుస్తకంలో రాయడం, దాళ్వాకు (రెండో పంటకు) వంతులు పెట్టినప్పుడు రాత్రంతా గట్టు మీద తిరిగి ఎవరూ గండి కొట్టకుండా చూడడం ఆయన పని. శివారు చేలకు నీళ్ళు అందలేదని తెలిస్తే ఆ పూట ఆయనకు అన్నం సహించేది కాదు.

2024 ఫిబ్రవరిలో ఒక రాత్రి రెండు గంటలకు లేచి చూస్తే మంచం మీద నాన్న లేరు. పార భుజాన వేసుకుని బోదె (చేలకు నీళ్ళు పారే చిన్న కాలువ) దగ్గరికి వెళ్ళిపోయారు. మా వీధిలోనే ఉండే బాబాయి అక్కడ తన చేనుకు నీళ్ళు పెట్టుకుంటున్నారు. రక్త సంబంధం లేదు, చిన్నప్పటి నుంచి బాబాయి అనే పిలుస్తాను. ఆ రాత్రి వంతు న్యాయంగా ఆయనదే. నాన్న నీళ్ళ దొంగ అని కేకలు వేస్తూ పారతో కొట్టారు. బాబాయి కుడి ముంజేతిలో రెండు ఎముకలూ విరిగాయి. ఆపరేషన్ చేసి ప్లేట్లు వేశారు. ఈ రోజుకీ ఆ చేత్తో అన్నం కలుపుకోలేరు. ఆయన చేసిన తప్పు ఏమీ లేదు. ఇది ముందే చెప్పాలి, ఎందుకంటే మిగతాదంతా మా నాన్న బాధే అవుతుంది.

ఐపీసీ 326 (ఆయుధంతో తీవ్రగాయం చేయడం) పెట్టారు. నాన్న నాలుగు రోజులు సబ్‌జైలులో ఉండి బెయిలు మీద వచ్చారు. వచ్చాక మా అమ్మతో "క్యాంపులో భోజనం బాగా ఆలస్యం చేస్తున్నారు" అన్నారు. జైలుకు వెళ్ళినట్టే ఆయనకు తెలియదు. మే నెలలో చార్జిషీటు వేశారు.

జబ్బు ఎప్పుడు మొదలైందో నేను సరిగ్గా చెప్పలేను గానీ ఒకటి మాత్రం నా కళ్ళ ముందే జరిగింది. నాన్న సేవింగ్స్ ఖాతా మా పోస్టాఫీసులోనే ఉంది. 2019లో డబ్బు తీసుకున్నప్పుడు ఫారం మీద చేసిన సంతకం గేజి పుస్తకంలో చేసినట్టే నిండుగా ఉంది, ఇంటిపేరుతో సహా. 2021లో ఇంటిపేరు పోయింది. 2022లో పేరులో మధ్య అక్షరం లేదు, మొదటి అక్షరం రెండుసార్లు ఉంది. 2023 సంక్రాంతికి కలం పట్టుకుని చాలాసేపు ఫారం వైపు చూసి, నా వైపు చూసి, బొటనవేలు చాపారు. నేనే ఇంకు ప్యాడు అందించాను. పెద్దతనం అనుకున్నాను. అప్పుడే డాక్టరుకు చూపించి ఉంటే బాబాయి చెయ్యి విరిగేది కాదేమో అని రోజూ అనిపిస్తుంది. కేసు అయ్యాకే చూపించాం. స్కానింగ్ తీసి అల్జీమర్స్ అన్నారు, మాత్రలు ఇచ్చారు.

ఇప్పుడు అసలు సంగతి. పోయిన నెల వాయిదాకు నాన్నను తీసుకెళ్ళాను. జడ్జి గారు చార్జి చదివి, తెలుగులో వివరంగా చెప్పి, "నేరం ఒప్పుకుంటారా?" అని అడిగారు. నాన్న చేతులు కట్టుకుని, తల కొంచెం వంచి "అలాగేనండయ్యా, పొద్దునకల్లా చేయిస్తానండి" అన్నారు. ఏఈ గారు (అసిస్టెంట్ ఇంజనీరు) జీపు దిగి ఏదైనా పని చెబితే 34 ఏళ్ళు ఆయన అలాగే నిలబడి అదే మాట అన్నారు. నాకు ఆ నిలబడడం తెలుసు. బెంచి క్లర్కు కలం కదిలింది. మా వకీలు గారు లేచి "కేసు నడుపుతామండి, ఒప్పుకోవడం లేదు" అని గట్టిగా అన్నారు. జడ్జి గారు నాన్న వైపు ఒకసారి చూసి, ఒప్పుకోలేదనే రాయించారు. వాయిదా వేశారు.

బయటికి వచ్చాక వకీలు గారు నాతో అన్నది ఇది: "జబ్బు సంగతి కోర్టులో ఎత్తకండి. ఎత్తితే విశాఖ మానసిక ఆసుపత్రికి పంపేస్తారు, ఎప్పటికి వస్తారో తెలియదు. వాయిదా వాయిదాకూ 317 పిటిషన్ (హాజరు మినహాయింపు కోరేది) వేసి ఆయన రాకుండా చూసుకుందాం. సాక్షులు ఎలాగూ నీరుగారిపోతారు."

సాక్షులు నీరుగారిపోవడం అంటే బాబాయి నీరుగారిపోవడం. అది నాకు ఇష్టం లేదు. నాన్నను ఆసుపత్రిలో వదలడం కూడా నా వల్ల కాదు. మా వకీలు చెప్పింది నిజమేనా? జబ్బు ఉందని కోర్టుకు చెబితే ఏం జరుగుతుంది? తన మీద కేసు ఉందని కూడా తెలియని మనిషిని విచారించవచ్చా?


నరసాపురం_ప్లీడరు:

అమ్మా, నేను 26 ఏళ్ళుగా నరసాపురం, భీమవరం కోర్టుల్లో క్రిమినల్ కేసులు చేస్తున్నాను. మీ ఫైలు చూడలేదు కాబట్టి నేను చెప్పేది మీ వకీలుతోనో మరో వకీలుతోనో సరిచూసుకోండి.

మీ ప్రశ్నలో రెండు సంగతులు ముడిపడి ఉన్నాయి, ముందు వాటిని విడదీయాలి. ఆ రాత్రి పార ఎత్తినప్పుడు నాన్నగారికి తాను చేస్తున్నదేమిటో తెలుసా అన్నది ఒకటి. అది ఐపీసీ 84. మతి స్థిమితం లేక, చేస్తున్న పని ఏమిటో, అది తప్పో కాదో తెలియని స్థితిలో చేస్తే నేరం కాదు. దాన్ని రుజువు చేసుకోవలసిన భారం మన మీదే ఉంటుంది. ఇప్పుడు బోనులో నిలబడిన మనిషి తన కేసు తాను చెప్పుకోగలడా అన్నది రెండోది. అది సీఆర్‌పీసీ (క్రిమినల్ కేసులు ఎలా నడపాలో చెప్పే చట్టం) 329. నేరం జరిగిన నాటికి మతి బాగానే ఉండి తర్వాత పోయినా 329 వర్తిస్తుంది. ఐపీసీ, సీఆర్‌పీసీల స్థానంలో కొత్త చట్టాలు 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చాయి. మీ ఘటన ఫిబ్రవరిలో జరిగింది, చార్జిషీటు మేలో పడింది కాబట్టి మీకు పాతవే. కొత్త నాగరిక సురక్ష సంహితలో ఈ అధ్యాయం 367 నుంచి మొదలవుతుంది, 84వ సెక్షన్ న్యాయ సంహితలో 22 అయింది.

329 ఎలా నడుస్తుందంటే, ముద్దాయి మతి స్థిమితంలో లేరని, అందువల్ల తన వాదన చెప్పుకోలేరని మేజిస్ట్రేటుకు తోస్తే కేసు సంగతి పక్కన పెట్టి ముందు ఆ విషయం తేల్చాలి. సైకియాట్రిస్టుకో క్లినికల్ సైకాలజిస్టుకో పంపి అభిప్రాయం తెప్పించుకోవాలి. ఆ అభిప్రాయం నచ్చని వారు మెడికల్ బోర్డుకు అప్పీలు చేసుకోవచ్చు. వాదన చెప్పుకోలేరని తేలితే, జడ్జి గారు ముద్దాయిని ఏమీ అడగకుండా, వకీలు మాట విని, ప్రాసిక్యూషన్ కాగితాలు చూస్తారు. కేసుకు ఆధారమే లేకపోతే అక్కడే వదిలేస్తారు. ఉంటే విచారణ ఆపుతారు.

మీ వకీలు భయం ఒట్టిది కాదు. దానికి చరిత్ర ఉంది. అస్సాంలో మచంగ్ లాలుంగ్ అనే ఆయనను 1951లో తీవ్రగాయం చేశారన్న ఆరోపణ మీద పట్టుకుని మానసిక ఆసుపత్రికి పంపారు. విచారణ జరగనే లేదు. 2005లో బయటికి వచ్చారు. 54 ఏళ్ళు! ఒక్క రూపాయి సొంత పూచీ మీద విడిచిపెట్టారు. మా తరం వకీళ్ళు ఆ సెక్షన్ పేరు చెబితే వణికింది అందుకే. కానీ 2009 చివరి నుంచి 330వ సెక్షన్ మారింది. ఇప్పుడు బెయిలు ఇచ్చే నేరమైనా కాకపోయినా విడుదలే మొదటి మాట. ఆసుపత్రిలో ఉంచి చికిత్స చేయనవసరం లేదని తేలాలి, ఇంటి నుంచే క్రమం తప్పకుండా వైద్యం చేయిస్తామని, ఆయన తనకూ ఇతరులకూ హాని చేయకుండా చూస్తామని బంధువు పూచీ ఇవ్వాలి. ఇప్పటికే బెయిలు మీద ఇంట్లో ఉన్న మనిషికి, కంటికి రెప్పలా చూసుకునే కూతురు ఉన్న మనిషికి ఇది దొరకకపోవడానికి కారణం నాకు కనిపించడం లేదు.

317 పిటిషన్లతో నెట్టుకురావడం సాక్షుల దాకా నడుస్తుంది. సాక్ష్యం అయ్యాక 313 కింద జడ్జి గారు ముద్దాయిని స్వయంగా ప్రశ్నలు అడుగుతారు. "మీరు పారతో కొట్టారని సాక్షి చెప్పాడు, ఏమంటారు?" అని అడిగినప్పుడు నాన్నగారు ఏమంటారో మీకు తెలుసు. చార్జి రోజున ఆ మాట ఒప్పుకోలుగా రికార్డయి ఉంటే, దాని మీదే శిక్ష వేసే అధికారం మేజిస్ట్రేటుకు ఉండేది. ఆ రోజు మీ వకీలు సమయానికి లేచారు. ప్రతిసారీ ఎవరో ఒకరు లేవాలి. ఇలా నడిచే విచారణను నేను విచారణ అనను.

అసలు చిక్కు తర్వాత ఉంది. చట్టం రాసినవారి మనసులో ఉన్నది కొన్నాళ్ళు మందులు వాడితే కుదుటపడే మనోవ్యాధి. అందుకే "వాయిదా వేయాలి, కోలుకున్నాక మళ్ళీ మొదలుపెట్టాలి" అన్నారు. పుట్టుకతో బుద్ధిమాంద్యం ఉన్నవారికి మాత్రం విచారణే జరపకూడదని రాశారు. మీ నాన్నగారి జబ్బు ఈ రెండింటి మధ్య పడిపోయింది. పుట్టుకతో రాలేదు, మందులతో పోదు. విచారణ ఆగితే ఆగినట్టే, కేసు మాత్రం ఆయన పేరు మీద బతికే ఉంటుంది. అంతర్జాతీయంగానూ ఇదే తలనొప్పి. 1994 రువాండా మారణకాండ కేసులో ఫెలిసియన్ కబుగా అనే వృద్ధుడికి డిమెన్షియా అని తేలింది. 2023లో హేగ్ కోర్టు ముందు శిక్ష లేని మరో రకం విచారణ జరుపుదామనుకుంది. అప్పీలు బెంచి అలాంటి పద్ధతి చట్టంలో లేదని, కేసును నిరవధికంగా ఆపమంది. అంత పెద్ద ఆరోపణకే దారి దొరకలేదు.

మన దగ్గర రెండు తలుపులున్నాయి. ఒకటి, ఏపీపీ గారు (ప్రభుత్వం తరఫు వకీలు) 321 కింద కోర్టు అనుమతితో కేసు ఉపసంహరించుకోవడం. రెండు, 482 కింద హైకోర్టులో కొట్టివేత కోరడం. 326 రాజీకి వీలులేని సెక్షన్ కాబట్టి లోక్ అదాలత్‌లో కుదరదు. ఫిర్యాదికి అభ్యంతరం లేదంటే హైకోర్టు పరిశీలించవచ్చు, అదీ తప్పనిసరి కాదు.

ఒక్క మాట. మీరు మధ్యలో చెప్పి వదిలేసిన పోస్టాఫీసు ఫారాలు ఈ కేసులో బంగారం. జబ్బు కేసు కోసం పుట్టింది కాదని, కేసుకు ముందు కొన్నేళ్ళ నుంచే ముదురుతూ వచ్చిందని ఏ డాక్టరు సర్టిఫికెట్టూ అంత స్పష్టంగా చెప్పదు. మీరు కూతురు కాబట్టి మీ చేతుల మీదుగా వద్దు. కోర్టు ద్వారా తెప్పించమని పిటిషన్ వేయించండి. వకీలు ఫీజు భారమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్ళండి, 15100కి ఫోను చేసినా దారి చెబుతారు.


రైతు_బిడ్డ_ముమ్మిడివరం:

ఎవరినీ నొప్పించాలని కాదు. కేసు పడగానే మతిమరుపు అనేవాళ్ళను మా ఊళ్ళో చూశాను. కోర్టు నమ్మాలంటే ఎలా? విరిగిన చేతికి ఎక్స్‌రే ఉంటుంది, పోయిన మతికి ఏముంటుంది?


మానసిక_వైద్యుడు:

పై ప్రశ్న న్యాయమైనది. నేను ప్రభుత్వ సర్వీసులో ఉన్న సైకియాట్రిస్టును. ఇలాంటి కేసుల్లో బోనెక్కి సాక్ష్యం చెప్పాను. నటించినవారూ ఉన్నారు. బ్రిటన్‌లో గిన్నిస్ షేర్ల కేసులో శిక్ష పడిన ఎర్నెస్ట్ సాండర్స్‌ను 1991లో అల్జీమర్స్ అన్న కారణంతో ముందుగా విడుదల చేశారు. తర్వాత ఆయన బాగుపడ్డారు. అల్జీమర్స్ అలా బాగుపడే జబ్బు కాదు, అందుకే ఆ పేరు ఈ రోజుకీ చెప్పుకుంటారు.

మేం ఒక్క రోజు చూసి రాయం. నటించేవారు సాధారణంగా అన్నీ మరిచిపోతారు, సొంత పేరు కూడా. అసలు జబ్బులో పాతవి నిలుస్తాయి, కొత్తవి జారిపోతాయి. ఉదయం ఫలహారం గుర్తుండదు, నలభై ఏళ్ళ కిందటి మేస్త్రి పేరు గుర్తుంటుంది. తెలియనిదాన్ని కప్పిపుచ్చుకోవడానికి మర్యాదగా మాట కలుపుతారు. "అలాగేనండి" అదే. సాయంత్రం చీకటి పడ్డాక అయోమయం పెరగడం, రాత్రి లేచి పాత ఉద్యోగానికి బయల్దేరడం మేం తరచుగా చూసేవే. నెలల తేడాతో రెండు మూడు సార్లు పరీక్షిస్తే నటన నిలబడదు.

అమ్మాయి గారూ, ఒక విషయం గమనించండి. డిమెన్షియా ఉందని తేలడం వేరు, కేసు ఎదుర్కోలేరని తేలడం వేరు. జబ్బు తొలిదశలో ఉన్నవారు విచారణ బాగానే అర్థం చేసుకోవచ్చు. కోర్టు అడిగేది జ్ఞాపకశక్తి పరీక్షలో మార్కులు కాదు. ఆయనకు తన మీద ఉన్న ఆరోపణ తెలుసా? బల్ల మీద కూర్చున్న మనిషి ఎవరో, పక్కన నల్లకోటు ఎవరి తరఫునో తెలుసా? ఆ రాత్రి ఏం జరిగిందో వకీలుకు చెప్పగలరా? సాక్షి ఇప్పుడు అన్న మాట పది నిమిషాల తర్వాత గుర్తుందా? నివేదికలో వీటికి విడివిడిగా జవాబులు ఉండాలి. "వయసు వల్ల మతిమరుపు" అని ఒక్క ముక్క రాసిన సర్టిఫికెట్టు ఏ కోర్టుకూ చాలదు.

పరీక్షకు వెళ్ళే ముందు బి12, థైరాయిడ్ చూపించారో లేదో సరిచూడండి. ఎప్పుడైనా పడ్డారా, తలకు దెబ్బ తగిలిందా చెప్పండి, తలలో నెమ్మదిగా గూడుకట్టే రక్తం కూడా ఇలాగే కనిపిస్తుంది, దానికి వైద్యం ఉంది. ఒక నోటు పుస్తకంలో తేదీ వేసి రోజూ రెండు ముక్కలు రాయండి: ఎప్పుడు లేచారు, ఏమన్నారు, ఎవరిని ఎవరనుకున్నారు. నా అరగంట పరీక్ష కంటే ఇంటివాళ్ళ మూడు నెలల పుస్తకం ఎక్కువ చెబుతుంది.

దేశంలో అరవై దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. రేపు కోర్టులకు ఇలాంటి ముద్దాయిలూ, ఇలాంటి సాక్షులూ ఇంకా వస్తారు.


పాలకొల్లు_వాసి:

నేను అవతలి పక్షం నుంచి రాస్తున్నాను. పక్కింటి ముసలాయన చేతికర్రతో మా అమ్మ తల పగలగొట్టాడు. ఏడు కుట్లు పడ్డాయి. తన ఇంట్లోకి దొంగ దూరిందనుకున్నాడట. మా అమ్మ ఉన్నది మా పెరట్లోనే.

ఆయనకు మతి బాగోలేదని మాకు మొదటిసారి తెలిసింది కోర్టులోనే. వాళ్ళ వకీలు పిటిషన్ వేశాడు, కేసు ఆగిపోయింది. ఆ రోజు వరకూ వాళ్ళింటి నుంచి ఒక్కరు మా గడప తొక్కలేదు. మాకు అది నాటకంలాగే కనిపించింది. తర్వాత చూస్తే ఆయన నిజంగానే పిల్లవాడైపోయాడు, గుడి మెట్ల మీద కూర్చుని మా అమ్మనే అన్నం అడిగాడు. అమ్మ పెట్టింది కూడా. కానీ ఆ కుటుంబం మీద మా మనసు ఇంకా కుదుటపడలేదు. విచారణ ఆగినప్పుడు దెబ్బ తిన్నవాళ్ళకు ఎవరూ ఏమీ చెప్పరు. "వాయిదా పడింది" అని ఒక మాట, అంతే.

అక్కా, పిటిషన్ వేసే ముందే మీ బాబాయి ఇంటికి వెళ్ళండి. రాజీ అడగడానికి కాదు. డాక్టరు కాగితాలు చూపించి, ఇదీ సంగతి, మేం కోర్టుకు ఇలా చెప్పబోతున్నాం అని మీ నోటితో చెప్పండి.


నరసాపురం_ప్లీడరు:

పై తమ్ముడు చెప్పింది మంచి మాట. ఒక్క జాగ్రత్త: ఆయన ఫిర్యాది, ప్రధాన సాక్షి. బెయిలు షరతుల్లో సాక్షులను కలవకూడదని ఉందేమో ముందు చూడండి. లేకపోతే ఊరి పెద్దను ఒకరిని వెంట తీసుకెళ్ళండి, సాక్ష్యం గురించి మాటెత్తకండి. బాధితుల పరిహారానికి 357ఏ కింద న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు చేసుకోవచ్చని మాత్రం ఆయనకు చెప్పండి, చాలామందికి తెలియదు.

ఇంకో సంగతి మొదట రాయలేదు. 84 కింద గెలిచినా నేరుగా ఇంటికి పంపేస్తారని అనుకోవద్దు. కొట్టింది ఈయనే గానీ మతి లేక కొట్టారని తేలితే 335 కింద సురక్షిత స్థలంలో ఉంచమనడమో, పూచీ తీసుకుని బంధువులకు అప్పగించడమో చేస్తారు.


లాకు_ఇంటి_అమ్మాయి:

రెండు నెలలు దాటింది. జవాబులు ఇచ్చిన అందరికీ దండాలు. జరిగింది రాస్తున్నాను, చివర్లో మళ్ళీ ఒక ప్రశ్న ఉంది.

వకీలును మార్చలేదు. ప్లీడరు గారు రాసింది కాగితం మీద రాసుకుని ఆయన దగ్గరికే వెళ్ళాను. 330 మారిన సంగతి పుస్తకం తీసి చూశారు. "సరే, వేద్దాం" అన్నారు. 329 పిటిషన్ వేశారు. జడ్జి గారు కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రి మానసిక వైద్య విభాగానికి పంపారు. రెండుసార్లు వెళ్ళాం, మూడోసారి ఉంది.

మొదటిసారి డాక్టరమ్మ "ఇది ఏ నెలండి?" అని అడిగారు. అది మే నెల. నాన్న "కాలువలు కట్టేశారు కదండమ్మా, గేట్లకు గ్రీజు పెట్టించాలి, రంగు వేయించాలి" అన్నారు. ఆవిడ నా వైపు చూశారు. మే నెలలో కాలువలు కట్టేసి ఉంటాయని, మరమ్మతులు అప్పుడే చేస్తారని చెప్పాను. ఆవిడ దాన్ని కూడా రాసుకున్నారు, తప్పు అని కొట్టేయలేదు. ఏ సంవత్సరం అంటే "పెద్ద వరద వచ్చిన మరుసటి ఏడండి" అన్నారు. 1986 వరద. అప్పుడు నేను రెండో తరగతి. కొబ్బరికాయ, తాళం, పడవ అని మూడు మాటలు చెప్పి గుర్తుపెట్టుకోమన్నారు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే ఒక్కటీ రాలేదు. "నన్నేమైనా అడిగారాండి?" అన్నారు. ఇక్కడికి ఎందుకు వచ్చారంటే "పింఛను కాగితాలకండి" అన్నారు. ఎవరినైనా కొట్టారా అంటే నొచ్చుకున్నారు. "నేను సర్కారు మనిషినండి, చెయ్యి చేసుకోకూడదు" అన్నారు.

బెయిలు షరతుల్లో అడ్డు లేదని చూసుకుని, మా సర్పంచి గారిని తీసుకుని బాబాయి ఇంటికి వెళ్ళాను. పిన్ని లోపలికి రమ్మనలేదు. అరుగు మీదే కూర్చున్నాను. నేను చెప్పడం మొదలుపెట్టకముందే బాబాయి మాట్లాడారు. నేను ఏమీ అడగలేదు, సర్పంచి గారు సాక్షి.

"అమ్మాయ్, ఆ రాత్రి మీ నాన్న నన్ను నా పేరు పెట్టి తిట్టలేదు. మా నాన్న పేరు పెట్టి తిట్టాడు. నిన్న కూడా గండి కొట్టావు, ఈ రోజు ఏఈ గారికి పట్టిస్తాను అన్నాడు. మా నాన్న పోయి ముప్పై ఏళ్ళయింది. ఆయన గండ్లు కొట్టిన మాట నిజమే, మీ నాన్న రెండుసార్లు పట్టించాడు కూడా. నేను మా నాన్నలాగే ఉంటానని అందరూ అంటారు."

పోలీసులకు చెప్పారా అని సర్పంచి గారు అడిగితే "ఎవరు కొట్టారు, దేనితో కొట్టారు అని అడిగారు, చెప్పాను. ఏమని తిట్టాడో అడగలేదు" అన్నారు. తర్వాత చొక్కా చెయ్యి పైకి తీసి గాటు చూపించారు. మోచేతి దగ్గర నుంచి మణికట్టు దాకా ఉంది. కావిడి ఎత్తలేకపోతున్నానని, దాళ్వా కౌలుకు ఇచ్చేశానని చెప్పారు. ఆసుపత్రికి అప్పు చేసిన 85 వేలలో ఇంకా సగం ఉందట. పరిహారం దరఖాస్తు సంగతి చెప్పాను. ఫారం నేనే తెచ్చి ఇచ్చాను. కేసు కొట్టేస్తే తనకు అభ్యంతరం లేదని హైకోర్టుకు అఫిడవిట్ ఇవ్వమనే సంగతి వకీలు గారు ఎత్తమన్నారు గానీ నా నోటికి రాలేదు. ఆ చెయ్యి చూస్తూ ఎలా అడగను?

ఇప్పుడు నా ప్రశ్న. నాన్న ఆ రాత్రి ఏ లోకంలో ఉన్నారో చెప్పగలిగిన మనిషి ఒక్క బాబాయే. ఆయనకూ 61 ఏళ్ళు, షుగరు ఉంది. విచారణ ఆగిపోతే ఆ మాట ఎక్కడా రికార్డు కాదు. విచారణ జరిగితే ఆ మాట బయటికి వస్తుంది, కానీ దాన్ని వినాల్సిన నాన్న అక్కడ లేరు. నాన్న మీద "కొట్టాడు" అన్నది మాత్రమే మిగిలి, "ఎందుకు కొట్టాడు" అన్నది పోతుందా?


నరసాపురం_ప్లీడరు:

అమ్మా, మీరు అడిగింది చట్టంలో ఉన్న గొయ్యి. 84 తేలాలంటే విచారణ జరగాలి. 329 ఒప్పుకుంటే విచారణ ఆగాలి. నిర్దోషి అని అనిపించుకునే అవకాశమే జబ్బు లాగేసుకుంటుంది. దీనికి సూటి జవాబు నా దగ్గర లేదు.

చేయగలిగింది ఒకటి ఉంది. బాబాయి గారు తనంతట తాను చెప్పదలచుకుంటే, దర్యాప్తు అధికారి అదనపు వాంగ్మూలం నమోదు చేయవచ్చు, తదుపరి నివేదికగా కోర్టుకు పంపవచ్చు. ఏపీపీ గారికి ఈ సంగతి మీ వకీలు ద్వారా చేరవేయించండి, మీరు నేరుగా వద్దు. 321 కింద ఉపసంహరణ ఆలోచించడానికి ఆయనకు అంతకంటే బలమైన కారణం దొరకదు. హైకోర్టుకు వెళ్ళినా డాక్టరు నివేదిక, పోస్టాఫీసు ఫారాలు, ఈ మాట, మూడూ ఒక చోట చేరితే బరువుంటుంది. అఫిడవిట్ మీరు అడగకపోవడం మంచిదైంది. పరిహారం వచ్చాక, ఆయనే ఎత్తితే అప్పుడు చూద్దాం.


లాకు_ఇంటి_అమ్మాయి:

అలాగేనండి, వకీలు గారికి రేపే చెబుతాను. మూడో పరీక్ష వచ్చే మంగళవారం. డాక్టరు గారు చెప్పినట్టు నోటు పుస్తకం రాస్తున్నాను. నిన్నటి పేజీలో ఉన్నది:

"జూన్ 9. తెల్లవారుజాము 3:40. పార కోసం వెతికారు. పార ఇంట్లో లేదు, మేనమామ ఇంట్లో పెట్టాం. కాలువ వదిలారు కదా, చప్పుడు వినిపించిందట. తలుపు గడియ పెట్టి ఉంది. నీళ్ళు శివారుకు అందాయని చెప్పాను. ఎంత గేజి అని అడిగారు. నాలుగున్నర అన్నాను. పడుకున్నారు."